అద్దం మీద వేలంత మిట్ట

కురవి వీరన్న మీద ఒట్టు, గిండ్ల ఒక్క ముక్క గూడ కల్పించలే. నమ్మకుంటే లేసి పోయి పండుకోన్రి, నాకేం కోపం లేదు. నేను లెక్కల మాస్టర్ని. దయ్యాలంటే పిల్లలను తిట్టెటోన్ని...

మా బడిల సైన్సు చెప్పే మూర్తి సార్ ఉండె. గుంటూరు దిక్కాయన. నా మాటను ఆయన ఎక్కిరిస్తే, ఆయన తినే కారాన్ని నేను ఎక్కిరిస్తుంటి. ఇద్దరం కలిసి చుక్కలు చూసే దుర్భిణికి అద్దం అరగదీసుడు మొదలువెట్టినం. తాంబాలమంత గాజుబిళ్ళ. అరవై తొమ్మిదిల తెలంగాణ గొడవలైనయ్. ఆంధ్రాయన అని ఆయన్ను పొమ్మన్నరు. బస్సెక్కేదాక పక్కన్నే నిలబడ్డ. ‘ఉండున్రి సార్’ అని ఒక్క మాట నా నోట్లకెల్లి రాలే. ఆ సిగ్గు నాకింకా పోలే.

అద్దం కుదిరితేనే ఆయన్ను రమ్మని పిలవాలె, అప్పటిదాక మొకం చూపియ్యద్దు అనుకున్న. ఆరేండ్లు ఒక్కన్నే అరగదీసిన. ఇంట్ల ఎవ్వరు లేరు. మాట్లాడుదామన్నా ఆ గాజే.

అద్దం ఆఖరి పరీక్షకు జనగామల ఒక షావుకారి పత్తి గోదాం అడిగిన. పొడుగు జాగ గావాలె, గాలి ఆడొద్దు. చాబీ ఇచ్చుకుంట షావుకారి నవ్విండు.

"ఏంది సార్, అందరు బయట తాళమేస్తరు. మీరు లోపట గడియ వెట్టుకుంటరా?"

"గాలి రావద్దు సేటూ," అన్న.

సందులల్ల గోనెసంచులు కుక్కిన. ఆ కొసకు అద్దం. ఈ కొసకు చిమ్నీ దీపం, దాని ముంగట సూదితోని బెజ్జం వొడిచిన రేకు. వెలుగు పోయి అద్దం మీద తాకి తిరిగొస్తది. వచ్చే కాడ గడ్డం గీసే బ్లేడు అడ్డంబెట్టి చూడాలె. వెంట్రుకల వెయ్యో వంతు మిట్ట ఉన్నా నీడ వడ్తది.

మూర్తి సారుకు ఒక అలవాటుండె. పరీక్షకు ముందు అద్దం ఎడమ అంచుకు బొటనవేలు ఆనిచ్చి పది లెక్కవెట్టెటోడు. వేలి వేడికి గాజు ఉబ్బుతది. "మాస్టారూ, నా మిట్ట కనిపించిందా?" అని అడిగెటోడు. కనబడ్డదంటే బ్లేడు సరిగున్నట్టు.

ఆ రాత్రి వేలు వెట్టేటోళ్ళు లేరు. గంటసేపు అద్దాన్ని చల్లారనిచ్చి బ్లేడు ఎనుక కన్ను వెట్టిన. నీడ మంచిగ, ఒక్కతీరుగ ఉన్నది. గూడ్సు బండి వోయింది... నీడ జర వణికింది... ఆగింది. దీపం సప్పుడు తప్ప ఇంకేం లేదు.

గప్పుడు... అద్దం ముంగట గాలి కదిలింది. పొయ్యి మీద గాలి ఆడినట్టు... కిందికెల్లి మీదికి... సన్నగ. మనిషి చెయ్యి వెడితే గట్లనే లేస్తది ఆ గాలి. నేనా, గీ కొసకున్న.

ఊపిరి బిగవట్టిన.

ఎడమ అంచు కాడ... మెల్లగ... ఒక మిట్ట లేసింది.

వేలంత.

తల వక్కకు తీసి చూసిన. చీకటి, గాజు, అంతే. మల్ల కన్ను వెట్టిన. ఉన్నది. నాకు తెల్వకుండనే నోట్లె లెక్క నడుస్తున్నది... ఎనిమిది... తొమ్మిది... పది.

పది కాంగనే ఆ వేడి గాలి ఆగింది.

"మూర్తి సార్... కనబడ్డది," అన్న.

లేసి పోయి ముట్టుకోలే. ముడితే ఏది నా వేడో, ఏది కాదో ఎట్ల తెలుస్తది? కూసోని చూసిన. మిట్ట కొద్దికొద్దిగ అణిగిపోయింది. భయం గంత కాలే, నిజం చెప్తున్న. అది పోతుంటే మాత్రం ఏడుపొచ్చింది.

అద్దం కుదిరింది. పొద్దుగాల పోస్టు కార్డు కొన్న. ‘అద్దం అయింది, రాన్రి సార్’ అని రాసిన. పోస్టు డబ్బ దాక వోయి నిలబడ్డ. వెయ్యలే.

అద్దం స్టాండు మీద వెట్టినప్పుడు నా వేలే తాకిందేమో. గంట దాక వేడి ఉండదు గద మరి... ఏమో. జవాబు ఆయన చేతిరాతల వస్తే మంచిదే. వాళ్ళింట్ల ఇంకొకరి చేతిరాతల వస్తే?

ఏండ్లు గడిచినయ్. చెప్పున్రి... ఇప్పుడన్న వెయ్యమంటరా?