బీబీసారా కడిగిన అద్దం

మా తమ్ముడి భార్య బీబీసారాకు శుభ్రం పిచ్చి. ఎండిపోయిన సముద్రం అంచున, గాలి లేస్తే ఉప్పు దుమ్ము పళ్ల మధ్య కరకరలాడే చోట, ఆ పిచ్చి ఉన్నవాళ్లకు సుఖం ఉండదు. తేనీటి గిన్నె మూడుసార్లు కడిగేది. నా ఒంటెలు ఆమె వాకిట్లోంచి నడిస్తే వాటి వెనకాలే చీపురుతో బయల్దేరేది. భర్తకు అన్నయ్యే మనిషి పేరు మా ఆడవాళ్లు పలకరు కాబట్టి నన్ను "ఒంటెల బావగారూ" అనేది. తిట్టాలన్నా ఆ పిలుపుతోనే.

తమ్ముడు పోయాక ఆమెకు మిగిలింది కూతురు అయ్‌పరా ఒక్కతే. పదకొండేళ్లది. ఆరో ఏటినుంచీ చక్కెర జబ్బు. రోజూ సూదిమందు పడకపోతే ఆ పిల్ల బతకదు. పట్నం ఆసుపత్రిలో మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చి, వేడి తగలనివ్వద్దని చెప్పేవారు. మాకేమో కరెంటు లేదు. దగ్గరి స్తంభం నలభై కిలోమీటర్ల దూరం.

అయినా మొదట్లో బాగానే గడిచింది. రెల్లు కట్టి మట్టి మెత్తిన మూరెడు మందం గోడల ఇల్లు. ఆ ఇంటి నేలలో లోతుగా గొయ్యి తీసి, మట్టికుండలో మందు పెట్టి, తడి గోనె కప్పేది. బయట నిప్పులు చెరుగుతున్నా కుండ చల్లగానే ఉండేది.

తర్వాత సోలార్ పలక, బ్యాటరీ, చిన్న ఫ్రిజ్ వచ్చాయి. ఇక గొయ్యి ఎందుకు? పూడ్చేశాం. పూడ్చింది నేనే. "ఎలకల్లా ఇంకా నేలలో దాచుకుంటామా?" అని నవ్వాను కూడా. ఆ నోరు పడిపోను!

పలక బిగించిన షుహ్రత్ అనే కుర్రాడు రాజధాని నుంచి వచ్చాడు. వెళ్తూ ఒకే మాట చెప్పాడు.

"అక్కా, అద్దం మీద దుమ్ము నిలవనివ్వకు. దుమ్ము పడితే కరెంటు రాదు."

ఎవరికి చెప్పాడో చూడండి! ఏ నీళ్లతో కడగాలో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు. మంచినీళ్లు వారానికోసారి ట్యాంకరులో వస్తాయి. అవి తేనీటికీ, పిల్లకూ. మిగతా అన్నింటికీ బావి నీళ్లే, నోట్లో పోసుకుంటే ఉమ్మేసేంత ఉప్పు. బీబీసారా పొద్దున్నే నిచ్చెనెక్కి ఆ నీళ్లతో అద్దం కడిగేది. నీళ్లు ఆరేవి, తెల్లటి పొర మిగిలేది. మా దగ్గర దుమ్మూ తెలుపే. దుమ్ము పోలేదనుకుని మళ్లీ కడిగేది. మూడో వేసవికి రోజుకు మూడుసార్లయింది. బకెట్లు మోసింది నేను.

"అంత రుద్దితే అద్దం అరిగిపోద్దమ్మాయ్!" అంటే, "మీ ఒంటెలు లేపే దుమ్మే ఇదంతా. మాట్లాడకుండా నీళ్లందించండి బావగారూ" అనేది. పిల్ల కింద నిలబడి పకపకా నవ్వేది.

ఆ నడివేసవిలో ఫ్రిజ్‌లో చల్లదనం తగ్గిందని ఆమె కనిపెట్టింది. ఇంకా గట్టిగా కడిగింది. షుహ్రత్‌కు కబురు పెడితే పై వారం వస్తానన్నాడు. మందు చూస్తే ఎప్పటిలా తేటగా నీళ్లలాగే ఉంది. పాడైందని మాకెలా తెలుస్తుంది? అదే ఇచ్చింది.

పిల్లకు దాహం పట్టుకుంది. "పెదనాన్నా, ఇంకో గిన్నె పొయ్యవా" అని అడుగుతూనే ఉంది. వారానికి దాచిన మంచినీళ్లు రెండు రోజుల్లో తాగేసింది. మూడో రోజు వాంతులు. ఊపిరి మురిగిన ఖర్బూజా వాసన వేసింది. మోటారుసైకిల్ పక్కతొట్టిలో తల్లి ఒళ్లో కూర్చోబెట్టి తీసుకెళ్లాను. పట్నం కనిపించకముందే బీబీసారా నా వీపు మీద తట్టి, "ఇంక నెమ్మదిగా పోనివ్వండి" అంది.

పిల్ల ఏడోరోజు భోజనాలయ్యాక షుహ్రత్ వచ్చాడు. నిచ్చెనెక్కి, అద్దం మీద గోరుతో గీకి, నాలుకకు రాసుకున్నాడు. వెనకాలే పైకెక్కిన నాతో గొంతు తగ్గించి అన్నాడు.

"పెద్దాయనా, ఇది దుమ్ము కాదు, పేరుకుపోయిన ఉప్పు. ఏ నీళ్లతో కడుగుతున్నారు?"

కింద బీబీసారా నిచ్చెన పట్టుకుని పైకే చూస్తోంది.

"ఏమంటున్నాడు బావగారూ? మా పిన్ని చావుకెళ్లినప్పుడు ఒక్కరోజు కడగలేదు. దానివల్లేనా?"

నేను షుహ్రత్ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"కాదమ్మాయ్. పలకే పాడైందంట. నీ తప్పేం లేదంట."

ఆమె నమ్మలేదు. "ఆ ఒక్కరోజే" అంది.

షుహ్రత్ కళ్లు తుడుచుకుంటూ కొత్త పలక బిగించి వెళ్లాడు. ఫ్రిజ్‌లో ఇప్పుడేమీ లేదు. అయినా బీబీసారా రోజూ మూడుసార్లు కడుగుతుంది. జ్వరమొచ్చినా మానదు. కొత్త అద్దం మీద కూడా తెల్లటి పొర మొదలైంది. ఈ పొద్దున కూడా రెండు బకెట్లు తోడి అందించాను. బావి నీళ్లే. మంచినీళ్లు అందిస్తే, ఎందుకని అడుగుతుంది.