ఒత్తు లేని థాయ్

ఇది ఒక వీరగాథ. ఇందులో ఒకే ద్వారమున్న దుర్గం ఉంది, లోపల చిక్కుకున్న యువకుడున్నాడు, అతని భవిష్యత్తును ఒక్క మాటతో తేల్చగల వృద్ధుడున్నాడు, చివర్లో తీర్పు కూడా ఉంది. ఇలా మొదలుపెడదామనే కూర్చున్నాను కానీ అంత లేదు. దుర్గం అంటే బీదర్‌ పాత బస్టాండు వెనక ఒక బారు. యువకుణ్ణి నేను. వృద్ధుడు మా ఇంటి ఓనరు. పోరాటమంతా పచ్చి బొప్పాయి చుట్టూ జరిగింది.

విత్తనాల కంపెనీ ఉద్యోగం మీద బీదర్ వచ్చాను. రెండేళ్ళ బాండు. నా సర్టిఫికెట్లు కంపెనీ బీరువాలో ఉన్నాయి, నేను బయట ఉన్నాను. ఎవరం లోపలున్నట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు. మొదటి పది రోజులు లాడ్జిలో ఉంటూ, తిండి కోసం తిరుగుతూ ఆ బారు ముందు ఆగాను. పైన పెద్ద అక్షరాల్లో బారు పేరు, కింద నీలం రంగుతో కన్నడంలో ‘తాయి ఊట’. లిపి మనదానికి దగ్గరే కాబట్టి చదవగలిగాను. తెలుగులో ఊట బావిలో ఊరేది, కన్నడంలో కడుపులోకి పోయేది. తాయి అంటే తల్లి. తల్లి పెట్టే భోజనం అన్నమాట. ఇంటి మీద బెంగ లేదుగానీ, ఆకలి ఉంది. లోపలికి వెళ్ళాను.

లోపల తల్లి లేదు. ఒక్క ట్యూబులైటు, కిటికీని పూర్తిగా మూసేసిన బీరు పెట్టెలు, సొంత మీసాల బరువు మోయలేక కొంచెం ముందుకు వంగినట్టున్న ఒక వంటమనిషి ఉన్నారు. ఆయనది ఇదే జిల్లాలోని దుబల్గుండి. మస్కట్‌లో ఒక థాయ్ హోటల్లో ఎనిమిదేళ్ళు వంట చేసి తిరిగొచ్చాడు. ‘థాయ్ ఊట’ అని రాయమంటే పెయింటరు తాయి అని రాశాడు.

“ఒత్తు వెట్టురా అంటే, ‘వెడితే ఎవనికి సమజైతది అన్నా, తల్లి అంటే నలుగురొస్తరు’ అన్నడు. నిజంగనే వచ్చిన్రు” అన్నాడాయన.

తల్లి కోసం వచ్చినవాళ్ళలో సగం మంది తులసాకులేసిన కోడి కూర చూసి లేచిపోయారట. మిగతా సగం ఇంకా లేవలేదు. నేను రెండో సగం. ఆయన పచ్చి బొప్పాయిని సన్నగా కోరి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, బెల్లం, నిమ్మరసం, పల్లీలతో రోట్లో దంచి ఇచ్చేది ఒకటుంది. అసలు పేరు సోమ్ తమ్ అట. బీదర్ నోళ్ళలో పడి ‘సొంతం’ అయింది. “అన్నా, ఒక సొంతం” అంటే వచ్చేస్తుంది. కొబ్బరిపాల పులుసులో వేసే నిమ్మగడ్డి ఆయన తమ్ముడి పొలంలో బోరు పక్కన పెరుగుతుంది. అందులోకి దబ్బాకు, ఆయుర్వేద దుకాణం నుంచి అల్లంలాంటి దుంపరాష్ట్రం. మొదటి ముద్దకే కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. భావోద్వేగం కాదు, మిరపకాయ. కానీ ఆ అరగంటసేపు కంపెనీ బీరువా గుర్తు రాలేదు. ఇంతకంటే పెద్ద మాట ఏ తిండి గురించీ చెప్పలేను.

పెళ్ళికాని వాడికి గది ఇచ్చే ఇంటి కోసం చాలా గేట్లు తట్టాను. చివరికి రిటైరైన ఒక కన్నడం మేష్టారు తలుపు తీశారు. శాకాహారుల ఇల్లు.

“మాంసం లేదు, మందు లేదు. తాగేటోళ్ళ పక్కన కూసునుడు గూడ లేదు. ఆ వాసన నా గేటు లోపటికొచ్చిన రోజు నీ పెట్టె బయటికి పోతది. మరి ఊట ఎక్కడ తమ్మా?”

“తాయి ఊటలో, సార్.”

అబద్ధం కాదు. బోర్డు మీద ఉన్నదే చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. తల్లిలాంటి మనిషి చేతి భోజనం! అక్కడితో ఆపి ఉండాల్సింది. “పాపం, ఆమెకు మోకాళ్ళ నొప్పులు సార్” అని నా అంతట నేనే కలిపాను. దాంతో మేష్టారి భార్య ఆ తల్లి కోసం ప్రతి నెలా ఒక డబ్బా శేంగా హిండి, అంటే పల్లీల కారప్పొడి, పంపడం మొదలుపెట్టింది. నేను దాన్ని మీసాల తల్లికి భద్రంగా చేరవేసేవాణ్ణి.

ఎనిమిది నెలలు గడిచాయి. మేష్టారి భార్య కూతురి కాన్పు కోసం బసవకళ్యాణ్ వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఇంట్లో ఉన్న హిండి మొత్తం ఊడ్చి తాయికే పంపింది. మేష్టారు మూడు రోజులు తన చేతి ఉప్మా తాను తిన్నారు. నాలుగో రోజు ఆదివారం. మధ్యాహ్నం నేను బయటికొచ్చేసరికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నా బండి పక్కన నిలబడి ఉన్నారు.

“నడువు తమ్మా, తాయి ఊటకు.”

“ఇయ్యాల బందుంటది సార్.”

“మొన్ననే జెప్పినవు గద, ఆదివారం స్పెషల్ ఉంటదని.”

“ఆమెకు మోకాళ్ళు బాగ నొస్తున్నయంట సార్.”

“అందుకే పోవాలె. సూసొద్దాం.”

దారి పొడవునా పంక్చరు కోసం ప్రార్థించాను. ట్యూబ్‌లెస్ టైర్లు.

బారు ముందు దిగి ఆయన బోర్డు చూశారు. పై లైను వదిలేసి, కింది లైను రెండుసార్లు చదివారు. లోపలికి నడిచారు. గుమ్మం పక్కనున్న మూల టేబుల్ దగ్గర నన్ను గోడవైపు తోసి, తాను బయటివైపు కూర్చున్నారు. నాకు ఎడమ పక్కన బీరు పెట్టెలు, వెనక గోడ, కుడి పక్కన మేష్టారు.

అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. “నమస్కారా సార్” అంటూ పక్క టేబుల్ మనిషి లేచి నిలబడ్డాడు. వెనకాయన లేచాడు. ఆ వెనకాయనా లేచాడు. బారులో సగం మంది ఆయన శిష్యులే. గ్లాసులు టేబుళ్ళ కిందికి పోయాయి. ఎవరూ తాగలేరు, మేష్టారిని దాటి గుమ్మంలోంచి పోనూ లేరు. నాకు కొంచెం తోడు దొరికినట్టయింది. ఒక సీసా దొర్లుకుంటూ వచ్చి మేష్టారి చెప్పుకు తగిలి ఆగింది. ఆయన దాన్ని చూసి, “ఏ బ్యాచు?” అన్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు.

“తాయి ఎక్కడ?” అని నన్నడిగారు.

వంటాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “నేనే సార్.”

మేష్టారు మీసాలు చూశారు, తర్వాత కిందికి చూశారు. “మోకాళ్ళెట్లున్నయి?”

ఆయన ఒక్కసారి నా ముఖం చూశాడు. జన్మలో మర్చిపోను, అర సెకను కూడా ఆలోచించలేదు. “మెట్లెక్కితే గుంజుతయి సార్.”

రోలు మూడుసార్లు కడిగాడు. సొంతంలో వేసే చేపల రసం సీసా తీసి అవతల పెట్టాడు. మేష్టారి కోసం కొత్త పళ్ళెంలో ఒక సొంతం వచ్చింది. నాకు పెట్టిన పళ్ళెం నేను ముట్టలేదు. గది పోతే ఏ లాడ్జి, పెట్టెలో ముందు ఏం సర్దాలి అని ఆలోచిస్తున్నాను. ఆయన ఒక ముద్ద తిన్నారు. ఆగారు. ఇంకో ముద్ద తిన్నారు.

“ఇది మా ఇంటి హిండి.”

“అవ్ సార్, తమ్మి తెచ్చిస్తడు. ఇప్పుడు పల్లీలు ఏస్తనే లేను, ఇదే ఏస్తున్న. మస్కట్ల గూడ ఇంత రుచి రాలె” అన్నాడు వంటాయన.

మేష్టారు పళ్ళెం ఖాళీ చేశారు. కళ్ళు చెమర్చాయి. మిరపకాయే అయ్యుంటుంది. తర్వాత మూతి తుడుచుకుని నావైపు తిరిగారు.

“తమ్మా, ఇది బారు.”

“అవును సార్.”

“ఆయన తల్లి గాడు.”

“కాడు సార్.”

“మరి నాకు అబద్ధం జెప్పినవా?”

మోకాళ్ళ సంగతి గుర్తొచ్చింది. బారంతా నా జవాబు కోసం చూసింది. ఆ గొంతు శిష్యులెవరికీ కొత్త కాదు.

ఆయనే అన్నారు: “అది థాయ్. ఒత్తుండాలె. మహాప్రాణం పోయి అల్పప్రాణమైంది. తప్పు రాసినోడిది, సదివినోడిది గాదు.”

మహాప్రాణం పోయిందని ఆయన అంటుండగా నా ప్రాణం తిరిగొచ్చింది. గది ఉంది. “పెయింటర్ని పిలిచి రేపే దిద్దిస్త సార్” అన్నాను ఉత్సాహంగా.

ఆయన గుమ్మం వైపు చూశారు. బతుకంతా ఎర్రసిరాతో బతికిన మనిషి. “అమ్మ బసవకళ్యాణ్ నుంచి వచ్చిందాక ఉండనియ్” అన్నారు.

అప్పటి నుంచి మంగళవారం తప్ప రోజూ పన్నెండున్నరకల్లా నా బండి పక్కన ఉంటున్నారు. భార్య ఫోన్ చేసి తిండి ఎక్కడని అడిగితే, నా ముందే, కళ్ళార్పకుండా “తాయి ఊట” అంటున్నారు. ఐదు వారాలుగా నేను గోడవైపు కుర్చీలోనే కూర్చుంటున్నాను, తులసి కోడి ముఖం చూడలేదు, పక్క టేబుళ్ళవాళ్ళు నిమ్మసోడా తాగుతున్నారు. కూతురికి పుట్టిన పిల్లకు మూడో నెల వచ్చేదాకా అమ్మ రాదు. నా బాండుకన్నా ఇదే పొడుగ్గా అనిపిస్తోంది.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే, వంటగది మధ్యాహ్నం మూడింటికి మూసేస్తారు. మంగళవారం సెలవు. బండి రోడ్డు మీద కాకుండా పక్క సందులో పెట్టుకోవాలి.