మూడోసారి పాడిన పాట

పెళ్ళిళ్ళ మధ్యవర్తులంటే నాకు ఇప్పటికీ ఒళ్లుమంటే. పంతొమ్మిది వందల యాభైల చివర్లో, నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, జగ్గయ్యపేటలో మా ఇంటికి ఒకాయన చందర్లపాడు సంబంధం తెచ్చాడు. పదెకరాల మాగాణి, మేడ, నోట్లో నాలుక లేని అత్తగారు! మా నాన్న మేడ దగ్గరే పడిపోయారు. నాకేమో మనిషి ఎలాంటివాడో తెలియాలి. అంతకుముందు చూసుకోను వచ్చిన ఇద్దరూ నేలచూపులు చూస్తూ మిఠాయి తిని వెళ్లారు. వాళ్ల గురించి నాకు తెలిసిందల్లా మిఠాయి ఇష్టమని.

"పెళ్ళిచూపుల్లో అందరూ బుద్ధిమంతులే. ఈసారి మనమే చాటుగా చూసొద్దాం నాన్నా" అని పోరు పెట్టాను. ఆ అబ్బాయి నందిగామలో ఒక సంగీత నాటకంలో హాస్యపాత్ర వేస్తున్నాడని తెలిసి, మధ్యవర్తితో సహా బస్సెక్కాం. అమ్మా నేనూ ఆడవాళ్ల వైపు చాపల మీద కూర్చున్నాం.

ఆ అబ్బాయిది ఒక గడుసుపిల్ల వెంటపడే డాబుసరి వేషం. ఆ పిల్లగా వేసిన మగాడు ఆయనకంటే జానెడు పొడుగు.

"ఇంద్రభవనమే నాది, ఇటు చూడవే చిలకా!"

"భవనం సరేగాని, నీ మూతి నాకెందుకురా!"

జనం పొర్లి పొర్లి నవ్వి "వన్స్‌మోర్" అన్నారు. అడిగితే పాడాల్సిందే, అదీ కొత్తమాటలు కలిపి. లేకపోతే ఈలలే. రెండోసారి ఏనుగులూ పల్లకీలూ కలిపి నెట్టుకొచ్చారు. మూడోసారికి గొప్పలు అయిపోయాయి. హార్మోనియం మాత్రం ఆగలేదు. ఆయన నోటికొచ్చింది అందుకున్నారు. వచ్చింది నిజం.

"పెంకుటిల్లే నాది చిలకా, వానొస్తే ఏడు గిన్నెలు! మూడెకరాల మెట్టే నాది, మిరపతోటే నా సిరులు! మాయమ్మ నోరు పెద్దది, అలిగిందా నేనే వండాలి!"

ఎరిగినవాళ్లు "నిజమే! నిజమే!" అని అరిచారు. పొడుగు పిల్ల పాట మరిచిపోయి "కూరేం వండుతావురా?" అంది.

"గోంగూర!"

అమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. నాకు నవ్వుతోపాటు ఆ మనిషి మీద చెప్పలేనంత ఇష్టం పుట్టుకొచ్చింది. అన్నం వండే మగాడి గురించి నేనప్పటిదాకా వినలేదు, కనలేదు.

పాట అయ్యీ అవకముందే నాన్న మా చాప దగ్గరికి వచ్చారు. మొహం కందగడ్డ. వెనకే మధ్యవర్తి, "వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్ళి చెయ్యమన్నారు కదండీ" అని గొణుగుతున్నాడు.

"లెగండి, పోదాం" అన్నారు నాన్న. "ఈ సంబంధం మనకొద్దు. పదెకరాలూ లేవు, మేడా లేదు. ఉన్న కొంప కూడా కారుతుందంట!"

అమ్మ లేచింది. నేను లేవలేదు.

"పెంకులు మేం సర్దించుకుంటాంలే నాన్నా" అన్నాను.

అప్పటికి ఆయన నా మొహమైనా చూడలేదు.