కుట్టుగదిలో అలలు

నలభై దాటాక టైలరమ్మకు అలలెక్కే పిచ్చి పట్టింది. తప్పేముంది? ఆ వయసులో మోకాళ్ల నొప్పులు పట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు కదా!

పెళ్లికి ముందు నుంచీ కుట్టుమిషన్ తొక్కిన కాళ్లవి. కూర్చుని తొక్కమంటే ఎంతసేపైనా తొక్కుతాయి. సర్ఫింగ్ పలక మీద నిలబడమంటేనే మొరాయించాయి. బోర్లా పడుకున్నంతసేపూ బాగానే ఉండేది. లేచిందా, నీళ్లలో బుడుంగు! చివరికి కోచ్ మొహమాటపడుతూనే చెప్పేశాడు.

"వచ్చే ఆదివారం కూడా నిలబడకపోతే పిల్లల బ్యాచ్‌లోకి మారిపోండి ఆంటీ."

మోకాలి లోతు నీళ్లలో, పాలపళ్లు ఊడుతున్నవాళ్ల పక్కన! ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే కుట్టుగదిలో బల్లలు గోడకు జరిపింది. పాత అలమారా తలుపు చెక్కను గుండ్రటి గొట్టం మీద అడ్డంగా పెట్టి ఎక్కింది. చెక్క ఇటు జారింది, ఆమె అటు జారింది. లైనింగు గుడ్డల కుప్ప మీద పడింది గనుక నడుము దక్కింది.

కాజాలు కుడుతున్న ఆడపడుచు తల ఎత్తకుండానే అడిగింది. "వదినా, సముద్రం ఇంటికే వచ్చేసిందా?"

"నోరు మూసుకుని కాజాలు కుట్టు."

"కుడతాలే. నువ్వు పడ్డప్పుడల్లా ఇల్లదిరి కాజా వంకరపోతోంది."

రోజూ గిరాకీలు వెళ్లాక ఇదే తంతు. శనివారం నాటికి ఆడపడుచుకు ఓపిక నశించింది.

"అస్తమానం ఆ కాళ్లకేసి చూసుకుంటావేం? అవేమన్నా పారిపోతాయా?"

"చూడకపోతే ఎలా నిలబడను?"

"మిషన్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను సూది వంక చూడొద్దని తిడతావుగా! కుట్టు వంకరపోతుంది, ముందున్న గీత చూడమంటావు. వాళ్లకో న్యాయం, నీకో న్యాయమా?"

టైలరమ్మకు ఒళ్లు మండింది. మాట నిజమైనప్పుడు ఆ మంట ఇంకాస్త ఎక్కువ. మళ్లీ ఎక్కింది. మోకాళ్లు వంచి, ఎదురు గోడకు వేలాడుతున్న గౌన్ల మీద చూపు నిలిపింది. చెక్క ఊగింది, ఆగింది. ఊగింది, ఆగింది. ఆడపడుచు సూది పట్టుకుని అలాగే నోరు తెరిచింది.

"ఈగ దూరుతుంది," అంది టైలరమ్మ, కదలకుండా.

ఆదివారం మంచి అల వచ్చింది. లేచింది. కాళ్లను వాటి మానాన వాటిని వదిలేసి ఒడ్డుకేసి చూసింది. ఒడ్డే పరుగెత్తుకొస్తున్నట్టుంది! వెనక కోచ్ ఒకటే కేకలు. నిలబడటం వచ్చింది గానీ, దిగడం సంగతి కుట్టుగదిలో ఎవరికీ తట్టలేదు. పలక నురగతో పాటు దూసుకొచ్చి, పిల్లల బ్యాచ్ మధ్యలోకి దూరి, ఇసుకకు రాసుకుని ఆగింది. పిల్లలు కీచుమంటూ చెల్లాచెదురయ్యారు.

కోచ్ రొప్పుతూ వచ్చాడు. "ఆంటీ, మధ్యలో దిగాలి కదా!"

"నిలబడమన్నావు, నిలబడ్డాను. దిగమన్నావా?"

ఒడ్డున ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "ఇంత చేసీ పిల్లల బ్యాచ్‌లోకే వచ్చావుగా వదినా!"

"వచ్చాను," అంది టైలరమ్మ, ఇంకా పలక దిగకుండానే. "నిలబడి వచ్చాను."