చేదు దోసకాయ

ఎక్కడికి వెళ్లినా బస్సెక్కిన వేళ, దిగిన వేళ, తిన్న తిండి డైరీలో రాసుకోవడం నా అలవాటు. "ఎవరికి పనికొస్తాయండీ ఈ రాతలు?" అని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది. అలాంటిది, ఆ డైరీ పట్టుకుని ఆత్మకూరు లోక్ అదాలత్‌కు రమ్మని ఉదయగిరి నుంచి ఉత్తరం వచ్చింది! ముందురోజే ఉదయగిరి చేరమన్నారు.

ఉదయం 6.10కి నెల్లూరులో బస్సెక్కాను. ఆత్మకూరులో ఇడ్లీ, కారప్పొడి. కోర్టు పని అని చెప్పగానే పక్క సీటు సీతారామపురం రైతు, "దుప్పటి తెచ్చుకున్నావా సారూ? ఆడ వాయిదాలు శానా ఉంటాయి" అని నవ్వాడు.

9.40కి ఉదయగిరి. ఉత్తరం రాయించిన మస్తాన్‌బీ కొయ్య స్పూన్లు చెక్కుతోంది. రెండేళ్ల కిందట నేను దుర్గం చూడటానికి వచ్చినప్పుడు నా డైరీ చూసి పడీపడీ నవ్వింది ఈవిడే. ఆ షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. వాళ్ల పనిముట్లూ, వాళ్ల తరఫున వాదించే వకీలమ్మ జీతమూ హాలండ్ సేవాసంస్థ వాళ్ల సాయమే.

"దుర్గం కొండ కిందికి పోయే దారికి చేను ఆసామి ముళ్లకంప అడ్డం కొట్టినాడు సారూ. చుట్టు తిరిగి పోయొస్తే పొద్దు గూకతాది. కొయ్య లేకపోతే మేం చెక్కేదేంది? హాలండోళ్లు ఉలులిచ్చినారు, వకీలమ్మనిచ్చినారు. దారి మాత్రం మన ఊళ్లోనే తెచ్చుకోవాల గదా!" అంది మస్తాన్‌బీ.

బస్టాండు దగ్గర లాడ్జిలో దోమలతో కాపురం చేసి, మర్నాడు 7.30 బస్సులో వాళ్లతోపాటు ఆత్మకూరు వచ్చాను. 11.20కి పిలిచారు. ఆసామి మీసం చూస్తే ఎక్కడో చూసినట్టే అనిపించింది.

"నా చేలో దారి ఏనాడూ లేదయ్యా" అన్నాడు.

వకీలమ్మ సైగ చెయ్యగానే డైరీలో రెండేళ్ల కిందటి పేజీ తీసి చదివాను. "8.20. దుర్గానికి బండిబాట పట్టాను. 8.35. చేలో ఒక రైతు దోసకాయ కోసిచ్చి, 'ఇట్నే నేరుగా పో సారూ, మా తాత నాటి దారి' అన్నాడు. దోసకాయ చేదు."

ఆసామి దిగ్గున లేచాడు. "చేదా? మా చేలో దోసకాయ చేదా? ఆ పొద్దు ఏరి ఏరి కోసిచ్చినాను గదా సారూ!"

హాలంతా గొల్లుమంది. జడ్జిగారు కూడా నవ్వాపుకుంటూ, "దోసకాయ మీదేనన్నమాట. మరి దారి?" అన్నారు. ఆసామి తల గోక్కున్నాడు.

"కంప తీసేస్తాలేయ్యా. ఆ చేదు మాట మాత్రం కొట్టేయమనండి."

రాజీ కాగితం మీద ఆయన సంతకం పెట్టాడు, మస్తాన్‌బీ వేలిముద్ర వేసింది. బస్టాండులో నా చేతిలో ఒక గరిటె పెట్టి, "ఇది కూడా రాసుకో సారూ" అంది. 2.15 బస్సులో కిటికీ పక్కన కూర్చుని రాసుకున్నాను.

మీరు ఉదయగిరి వెళ్తే ఆ దారినే నడవండి. ఆసామి దోసకాయ పెడితే కాదనకండి. నేను మాత్రం ఆ చేదు మాట కొట్టేయలేదు. తియ్యగా ఉందని రాసి ఉంటే ఆయన లేచేవాడా?