పెద్దకోడలి జడ

ఆ వీధిలో ముస్లిం ఇళ్లలో ఆడవాళ్లెవరు పోయినా చివరి స్నానం చేయించేది చిన్నకోడలే. పొట్టకూటికి జాకెట్లు కుడుతుంది గానీ ఈ పని మాత్రం అల్లా కోసం చేస్తుంది. నేర్పింది ఆమె తల్లి. "చేతులు చూసింది నోటికి తెలియకూడదమ్మా. అదొక్కటే చాలదు. దాన్ని తలుచుకుని మనసు లొట్టలు కూడా వేయకూడదు" అనేది. మొదటిది తేలిగ్గానే పట్టుబడింది. చిన్నకోడలి నోరు ఇనప్పెట్టె అని పేరు కూడా వచ్చింది. రెండోది తనకు ఎప్పుడో వచ్చేసిందనుకుంది, పాపం.

అంతలో తోడికోడలు పోయింది. ఆ పెద్దకోడలికి ఉన్న గర్వమంతా జడలోనే ఉండేది. ఆడవాళ్లు మాత్రమే చేరిన చోట ముసుగు తీసి, జడ ముందుకు వేసుకుని కూర్చునేది. "నీదీ ఒక జడేనా, ఎలుక తోకా?" అని చిన్నకోడలిని నలుగురిలో ఉడికించేది. చిన్నకోడలు అందరితో పాటు నవ్వి, ఇంటికొచ్చి కుట్టుమిషన్ మీద కసి తీర్చుకునేది.

స్నానం చేయించేటప్పుడు ఆ జడ విప్పబోతే చేతిలోకి ఊడొచ్చింది. సవరం! అసలు జుట్టు గుప్పెడు కూడా లేదు. నీళ్లు పోసే ముసలమ్మకు చూపు ఆనదు కాబట్టి సరిపోయింది. చిన్నకోడలికి నవ్వు తన్నుకొచ్చింది, అదీ శవం ముందు. పెదవి కొరుక్కుని సవరాన్ని సంచి అడుగున పెట్టింది. ఉన్న కాస్త జుట్టునే ఆచారం ప్రకారం మూడు జడలు అల్లింది.

బయటికి రాగానే ఒకావిడ ముక్కు చీదుతూ అడిగింది: "అంత జడా మట్టిపాలేనా! నీ చేతులతోనే అల్లావు కదమ్మా, ఎలా ఉంది?"

"శుభ్రంగా అల్లానండి" అంది చిన్నకోడలు.

నోరు గెలిచింది. కానీ మట్టిలో కప్పెట్టాల్సిన సవరాన్ని తన బట్టల పెట్టెలో దాచుకుంది. ఎలుక తోక మాట గుర్తొచ్చినప్పుడల్లా పెట్టె వైపు చూసి లోలోపల నవ్వుకునేది. నమాజులో సజ్దాకు వంగినా ఆ పెట్టే కళ్లలో మెదిలేది. తనకు తానే చాడీలు చెప్పుకుంటున్నట్టు సిగ్గేసినా, పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఒక రోజు ఉదయం నమాజు కాగానే మళ్లీ పెట్టె తెరిచింది, ఇంకోసారి చూసి సంతోషపడదామని. ఎంతైనా దర్జీ కన్ను కదా, సవరం మొదట్లో ఉన్న కుట్ల మీద పడింది. ఊడిన చోటే మళ్లీ మళ్లీ వేసిన కుట్లు, వంకరటింకరగా, ముడి మీద ముడి. కుట్టడం చేతకాని చెయ్యి అది. వీధి వీధంతా చిరిగిన ప్రతి గుడ్డా చిన్నకోడలికే తెచ్చిస్తారు. అక్క మాత్రం తలుపు గడియ పెట్టుకుని, సూదిలోకి దారం ఎక్కక, ఎవరొస్తారోనని హడలిపోతూ తనే కుట్టుకుంది.

"నాకు తెచ్చిస్తే కుట్టి పెట్టేదాన్ని కదక్కా! ఎవరితోనూ అనేదాన్ని కాదు" అంది పైకే.

అన్నాక ఆ మాట మీద తనకే నమ్మకం కలగలేదు. బతికున్న పెద్దకోడలు ఆ సవరాన్ని తెచ్చి చేతిలో పెట్టి ఉంటే, సాయంత్రానికల్లా తనే వీధంతా చెప్పి ఉండేది. అది తెలుసు కాబట్టే అక్క రాలేదు. సవరాన్ని కప్పెట్టడానికి పెరట్లో మట్టి తవ్వుతూ, పెద్దకోడలు పోయాక మొదటిసారి ఏడ్చింది.