అమ్మ పేరు పెట్టి పిలిచిన ఆదివారం

ఉతకడానికని బక్కెట్లో వేయబోతూ మా అమ్మాయి టీషర్టును ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండలో కాగి నీళ్లలో చల్లారిన రబ్బరు వాసన. మొన్న ఆదివారం డ్యాములో గాలిపడవ అంచు మీద బోర్లా పడుకుని నీళ్లలో చేతులాడించిందట, ఆ వాసన చొక్కాకు పట్టేసింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. నేను మాత్రం సబ్బు పక్కన పెట్టి ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ పడవను సగం దారిలో ఒడ్డుకు వెనక్కి రప్పించింది నేనే. అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

ఈ వాసన నాకు పుట్టింటిది. పూతలపట్టు కూడలిలో మా నాయనకు పంక్చర్ షాపు ఉండేది. చిత్తూరు వైపు, తిరుపతి వైపు పోయే లారీలు రాత్రీ పగలూ అక్కడ ఆగేవి. షాపు ముందు సగానికి కోసిన డ్రమ్ములో నీళ్లు, ఆ నీళ్లలో ముంచిన ట్యూబు నుంచి బుడబుడమని లేచే గాలి బుడగలు, అతుకులు అంటించే సొల్యూషన్ డబ్బా మూత తీయగానే తలకెక్కే ఘాటు, నాయన చేతుల గీతల్లో ఎన్ని సార్లు కడిగినా పోని నలుపు, వీటి మధ్యే నేనూ తమ్ముడు గిరీ పెరిగాం. అతుకుల మీద అతుకులు పడి ఇక లారీకి పనికిరాని ట్యూబుల్లోంచి నాలుగు మంచివి ఏరి నాయన అటక మీద దాచేవాడు. అవి లారీకి పనికిరాకపోయినా నీళ్ల మీదికి పనికొచ్చేవి.

మా వైపు వానలు కార్తీకంలో వస్తాయి. తుపాను పట్టి రెండు మూడు రోజులు విడవకుండా కురిసి వెలిసిన తర్వాత, కొండల మధ్య ఉన్న చిన్న డ్యాము నిండిందని ఎవరో లారీ డ్రైవరు చెప్పేవాడు. ఆ మాట చెవిన పడితే చాలు, నాయన ఆదివారం షాపు మూసేసేవాడు. మా అమ్మ తమ్ముడు చంద్రమామ తన లగేజీ ఆటో తెచ్చేవాడు. వెనకాల నాలుగు ట్యూబులు, వాటి మీద పాత నవారు మంచం, ఆ మంచం మీద మేము, మా ఒళ్లో సంగటి గిన్నె. దారిపొడుగునా చెనిక్కాయలు, అంటే వేరుశెనగలు, పెరికేసిన చేలు, పచ్చి మట్టి వాసన, వాగులు రోడ్డు దాటే చోట చక్రాలు చిమ్మే బురదనీళ్లు. డ్యాము దగ్గర దిగగానే నాయన, మామ ట్యూబులకు చేతిపంపుతో గాలి కొట్టి, మంచాన్ని తలకిందులు చేసి నాలుగు కోళ్లకూ నాలుగు ట్యూబులు కట్టేవాళ్లు. తిప్పి నీళ్లలో వదిలితే అదే మా తెప్ప. తెడ్లుగా రెండు చెక్కలు. నవారు సందుల్లోంచి నీళ్లు చల్లగా వీపుకు తగులుతుంటే వెల్లకిలా పడుకుని కొండలు కదులుతున్నాయని అనుకునేవాళ్లం. ఆకలి మొదలయ్యేసరికి ఒడ్డున నాటుకోడి పులుసు వాసన, కుండలో ఉడుకుతున్న పచ్చి చెనిక్కాయల వాసన కలిసి నీళ్ల మీదికి వచ్చేవి.

ఆ వంట అమ్మది. అమ్మకు ఈత రాదు, నీళ్లంటే చచ్చేంత భయం. కానీ రానని ఒక్కసారీ అనలేదు. తెప్ప కదలక ముందు అమ్మ గంగమ్మకు పసుపు కుంకుమ నీళ్లలో వదలాలి, అంతవరకు ఎవరూ కాలు తడపకూడదు. తర్వాత పొయ్యి ముందు కూర్చునేది. కూర్చున్నదన్న మాటే గానీ చూపంతా నీళ్ల మీదే. కాసేపటికొకసారి లేచి, కొంగు నడుముకు దోపి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని వరసగా పిలిచేది.

"ఓరే చంద్రా... ఉండావా?"

"ఉండానక్కో!"

"గిరీ... ఉండావా?"

"ఉండా!"

"పద్దూ..."

"ఉండామ్మో!"

పద్దూ అంటే నేను. చివర నాయన వంతు. నాయన పేరు మునిరత్నం. మొగుడి పేరు నోటితో పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని అమ్మకు వాళ్లమ్మ చెప్పింది, అమ్మ నమ్మింది. రేషను షాపులో ఇంటి యజమాని పేరు అడిగితే నన్ను మోచేత్తో పొడిచేది, నేను చెప్పాలి. మూడో ఇంట్లో రత్నమ్మ ఉండేది. సగం పేరు కలుస్తుందని ఆమెను కూడా "మూడో ఇంటక్క" అనేదే తప్ప పేరెత్తేది కాదు. అందుకని నీళ్ల మీద నాయనను "పద్దూ నాయనో..." అని పిలిచేది. నాయన గొంతు సాగదీసి "ఉండానే..." అనేవాడు. అది విన్నాక గానీ పొయ్యిలోకి కట్టె తోసేది కాదు.

నాకు పదేళ్లు వచ్చేవరకు అది మాకు ఊపిరి పీల్చినంత మామూలు. ఆ ఏడు మా క్లాసులో చదివే లత వాళ్లు వచ్చారు. చిత్తూరులో ఉద్యోగం చేసే వాళ్ల నాయన కారుకు మా షాపులోనే పంక్చర్ వేయించుకునేవాడు. మాటల్లో డ్యాము సంగతి వచ్చి, "ఈసారి మీరు కూడా రాండి సార్, పిల్లోళ్లకు బాగుంటాది" అని నాయన పిలిచాడు. వాళ్లు కారులో వచ్చారు. లత గౌను అంచులకు లేసు ఉంది. లత వాళ్లమ్మా నాయనా ఒడ్డున దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. లత మాతో తెప్ప ఎక్కింది.

డ్యాము మధ్యలో ఏనుగుబండ అని పెద్ద నల్లరాయి ఉండేది. దాని పక్కకు పోతున్నప్పుడు అమ్మ పిలుపులు మొదలయ్యాయి. మేం పలికాం. కాసేపటికి మళ్లీ పిలిచింది. లత కిసుక్కున నవ్వింది.

"ఏం మే పద్మా, మీ అమ్మ హాజరు వేస్తా ఉందా?"

నేను తల వంచుకున్నాను. నాయన కూడా నవ్వాడు, కానీ ఆయన మొహం కొంచెం ఎర్రబడింది. కారులో వచ్చినవాళ్ల ముందర ఆయనకూ ఏదోలా అనిపించి ఉంటుంది. తెప్పను బండ వెనక్కి తోసి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"ఈతూరి ఎవురూ పలకొద్దండి. ఏం జేస్తాదో సూద్దాం."

"వద్దు బావా, అక్క బయపడతాది" అన్నాడు చంద్రమామ.

"ఊరుకోరా. ఒక్కతూరి."

అమ్మ పిలిచింది. చంద్రా, గిరీ, పద్దూ, పద్దూ నాయనో. మేం నోళ్లు మూసుకున్నాం. గిరి నవ్వు ఆపుకోలేక నా భుజంలో మొహం దాచుకున్నాడు. మళ్లీ పిలిచింది. ఈసారి వరస తప్పింది, గిరిని రెండుసార్లు పిలిచింది. లత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కదిలిపోతోంది. తర్వాత, బండ మీద నీళ్లు కొట్టుకునే చప్పుడు మాత్రమే. ఆ తర్వాత, మేం ఎప్పుడూ వినని గొంతుతో, కొండకు తగిలి తిరిగొచ్చేంత గట్టిగా:

"మునిరత్నమో!"

"ఎవరది?" అంది లత నవ్వుతూ. నాయన చేతిలోని చెక్క నీళ్లలో పడిపోయింది. "ఉండా! ఉండామే! ఈడే ఉండాం!" అని అరుస్తూ ఉత్త చేతులతో నీళ్లు తోస్తున్నాడు. తెప్ప బండ దాటి ఇవతలికి వచ్చేసరికి అమ్మ మెడలోతు నీళ్లలో ఉంది. చీర చుట్టూ తామరాకులాగా పరుచుకుంది. ఇంకా అడుగు ముందుకే వేస్తోంది. చంద్రమామ దూకి ఈది, జబ్బ పట్టుకుని అమ్మను ఒడ్డుకు లాక్కొచ్చాడు.

ఒడ్డున అమ్మ మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. అందరం ఉన్నామని తెలిశాక చెయ్యి నోటి మీదికి పోయింది. తన నోటినుంచి ఏం వచ్చిందో అప్పుడు తెలిసింది. తడిచీర ఒంటికి అతుక్కుని ఉండగానే తిరుమల కొండ ఉన్న దిక్కుకు తిరిగి చెంపలు వేసుకుంది. కొంచెం అవతల బట్టలుతుకుతున్న ఆడవాళ్లు నవ్వారు. "సూడు మే, మొగున్ని ఎంత గట్టిగా పిల్సిందో! రేపట్నించి రోజూ పిలస్తాదిలే!" లత వాళ్లమ్మ తువ్వాలు ఇచ్చి మొహం పక్కకు తిప్పుకుంది. నాయన తల ఎత్తలేదు. అమ్మ ఆ తడిబట్టలతోనే అందరికీ సంగటి ముద్దలు పెట్టింది. పులుసు పోసింది. నాయన ఆకులో కూడా పెట్టింది, ఆయన వైపు చూడకుండా.

మర్నాడు బడిలో గేటు దగ్గరే మొదలైంది. "మునిరత్నమో!" అని ఒకరు, "ఉండామే!" అని ఇంకొకరు. ఇంటర్వెల్ గంటకు క్లాసంతా. ఎన్ని నెలలు సాగిందో గుర్తులేదు. నాయన పేరు రాయాల్సిన చోట కూడా చేత్తో కప్పుకుని రాసేదాన్ని. ఇంట్లో అమ్మ శుక్రవారాలు ఒక్కపొద్దు ఉండడం మొదలుపెట్టింది, నాయన ఆయుష్షు కోసం. నాయన ఆ రోజుల్లో అన్నానికి కూర్చుని, పొయ్యి పక్కన ఖాళీ కడుపుతో కూర్చున్న ఆమెను చూసి, రెండు ముద్దలకే చెయ్యి కడుక్కునేవాడు. "ఇంగ సాలిస్తావా?" అని ఒకరోజు అడిగాడు. అమ్మ కంచం తీసుకుని పెరట్లోకి పోయింది.

తర్వాతి ఏడు డ్యాము మళ్లీ నిండింది, మళ్లీ పోయాం. అమ్మ వచ్చింది, పసుపు కుంకుమ వదిలింది, పొయ్యి వెలిగించింది. కానీ పిలవలేదు. మేం నీళ్ల మధ్యకు పోయాం, బండ దాకా పోయాం, పిలుపు లేదు. ఆ రోజు నీళ్లు ఎంత వెడల్పో నాకు మొదటిసారి తెలిసింది. గిరి ఆట మానేసి ఒడ్డుకేసి చూస్తున్నాడు. అప్పుడు నాయన లేచి నిలబడ్డాడు, తెప్ప ఒరిగింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఒడ్డు వైపు అరిచాడు.

"చంద్ర ఉండాడు! గిరి ఉండాడు! పద్దూ ఉండాది!" చివర గొంతు తగ్గించి, "నేనూ ఉండానే" అన్నాడు.

అమ్మ చెనిక్కాయలు వలుస్తోంది. తల ఎత్తలేదు. అప్పటి నుంచి పోయిన ప్రతిసారీ నాయన అలాగే, ఎవరూ అడగకుండానే, అందరి పేర్లూ ఒడ్డుకు చెప్పేవాడు. ఒడ్డు నుంచి ఒక్కసారీ జవాబు రాలేదు.

మొన్న ఆదివారం శ్రీసిటీ ఫ్యాక్టరీలో మా ఆయనతో పనిచేసేవాళ్ల కుటుంబాలతో కలిసి ఇంకో డ్యాముకు బోటింగుకు వెళ్లాం. పిల్లలకు జాకెట్లు వేశారు, ఈలలు ఇచ్చారు, ప్రతి పడవలో ఈత వచ్చిన మనిషిని పెట్టారు. నాకు అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. పడవ మలుపు తిరిగి మా అమ్మాయి చిన్ని కనిపించకుండా పోగానే నా గొంతు నా చేతుల్లో లేదు. పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను, ఇంకా గట్టిగా, కంచె పట్టుకుని ఊపుతూ. చివరికి అక్కడి మనిషి ఈల వేసి అన్ని పడవల్నీ వెనక్కి రప్పించాడు. పిల్లలంతా దిగి ఏమైందో అని నా వైపు చూశారు. ఏమీ కాలేదు. చిన్ని దగ్గరకు వచ్చి పళ్లు బిగించి, "ఎందుకమ్మా అట్లా అరుస్తావు? అందరూ సూస్తా ఉండారు" అంది. దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. దాని చెంప ఎర్రగా ఉంది. ఆ ఎరుపు నాకు తెలుసు.

లారీలకు ఇప్పుడు ట్యూబులు లేని టైర్లు వస్తున్నాయి. నాయన షాపు ఉన్న చోట మొబైల్ కొట్టు ఉంది. ఆ డ్యాము చుట్టూ కంచె వేసి లోపల దిగరాదని బోర్డు పెట్టారు. నవారు మంచం ఎక్కడా లేదు. నేను మా ఆయన్ని రోజుకు ఎన్నిసార్లు పేరు పెట్టి పిలుస్తానో లెక్కలేదు, ఆ పేరుకు ఏ భయమూ లేదు. అమ్మ మాత్రం ఇప్పటికీ ఫోనులో "పద్దూ నాయన బయటికి పోయినాడు" అనే అంటుంది.

ఈ రాత్రి అన్నాల దగ్గర ఇదంతా చిన్నికి చెప్పాను. నాకు కోపం లేదని చెప్పడానికో, కోపం తగ్గించుకోమని అడగడానికో, నాకే తెలియదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"తాత సారీ చెప్పినాడా?"

"లేదు."

ఇంకేం అనకుండా స్నానానికి వెళ్లింది. నేను గిన్నెలు తోముతూ నీళ్ల చప్పుడు వింటున్నాను. చప్పుడు ఆగింది. తర్వాత ఏమీ లేదు. కాళ్లు వాటంతటవే తలుపు దగ్గరికి వెళ్లాయి. పిలవకూడదని పెదాలు బిగించుకుని, తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. తలుపు కింది సందులోంచి నా నీడ లోపలికి పడి ఉంటుంది.

"ఉండా!" అంది లోపల్నుంచి.

అది ఎగతాళో కాదో నాకు తెలియలేదు. నాయన అందరి పేర్లూ చెబుతుంటే ఒడ్డున అమ్మ ఎందుకు తల ఎత్తలేదో కొంచెం తెలిసింది.